పాత జర్మన్ ఉద్యోగ పత్రాల్లో ఒక పనివాడి జీవితాన్ని వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో ఒక వడ్రంగి, ఒక కమ్మరి, గుర్రపు జీనులు కుట్టే ఒక పనివాడు ఎక్కడ పని నేర్చుకున్నాడు, ఏయే ఊళ్ళు తిరిగాడు, ఎవరి దగ్గర ఎన్ని వారాలు చేశాడు అన్నది నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా చాలావరకు తెలుసుకోవచ్చు. రాజుల చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది. చేతులతో బతికినవాళ్ళ చరిత్ర మాత్రం ఇలాంటి కాగితాల్లోనే ఉంటుంది. అందుకే ఈ వెతుకులాటకు ఎంత ఓపిక పెట్టినా తక్కువే అని నా నమ్మకం.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు అతను పుట్టిన సంవత్సరం పట్టుకోండి. ఆర్కైవ్ (పాత కాగితాల భండారం), వెబ్‌సైట్ అన్నీ ఆ తర్వాతే. ఏ కాలంలో పనిచేశాడో తెలిస్తే అతని గురించి రాసి పెట్టుకోవాల్సిన అవసరం ఎవరికి పడిందో తెలుస్తుంది. 18వ శతాబ్దంలో ఆ అవసరం వృత్తి సంఘానిది. 19వ శతాబ్దపు మొదటి సగంలో పోలీసులది. 1891 నుంచి పెన్షన్ బీమా ఆఫీసుది. 1935 నుంచి నాజీ ప్రభుత్వపు లేబర్ ఆఫీసుది. పనివాడి కోసమని ఎవరూ రాయలేదు, ఎవరి పని కోసం వాళ్ళు రాసుకున్నారు. ఏ కాగితం చేతికొచ్చినా "ఇది ఎవరు, ఎందుకు రాశారు?" అని మొదట అడిగితే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

తర్వాత చర్చి రిజిస్టర్లు, జనన వివాహ రిజిస్టర్లు చూడండి. పెళ్ళి నమోదులోను, పిల్లల జనన నమోదుల్లోను తండ్రి వృత్తి రాసేవారు. ఒక్కో బిడ్డ పుట్టినప్పుడు తండ్రి పేరు పక్కన ఏముందో వరసగా రాసుకుంటే అతను పనివాడి నుంచి మైస్టర్ (సొంత పనిశాల నడిపే నిపుణుడు) ఎప్పుడు అయ్యాడో సుమారుగా తెలిసిపోతుంది. ప్రభుత్వ రిజిస్టర్లు అప్పటి అతిపెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, దేశమంతటా 1876 నుంచి ఉన్నాయి. జననాలకు 110 ఏళ్ళు, వివాహాలకు 80 ఏళ్ళు, మరణాలకు 30 ఏళ్ళు దాటాక అవి ఆర్కైవ్‌కు చేరతాయి. ఆపైన ఎవరైనా చూడవచ్చు.

శిష్యరికం వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

పాత వృత్తి సంఘాన్ని త్సుంఫ్ట్ అనేవారు, తర్వాతి కాలపు సంఘాన్ని ఇన్నుంగ్ అంటారు. కుర్రవాణ్ణి పనిలో పెట్టుకున్నప్పుడు ఒకసారి, శిష్యరికం ముగిసి విడుదల చేసినప్పుడు ఇంకోసారి సంఘం పుస్తకంలో రాసేవారు. తండ్రి పేరు, ఊరు, పని నేర్పే మైస్టర్ పేరు, నేర్పినందుకు కట్టిన డబ్బు అందులో ఉంటాయి. మూడు నాలుగేళ్ళు మామూలు గడువు. డబ్బు కట్టలేని ఇంటి పిల్లవాడు ఇంకా ఎక్కువ ఏళ్ళు చేయాల్సి వచ్చేది. కాబట్టి గడువు పొడవు చూసి ఆ ఇంటి పరిస్థితి కొంత ఊహించవచ్చు.

శిష్యరికం పూర్తయినవాడికి ఇచ్చే పత్రం లేర్‌బ్రీఫ్. 1731లో వచ్చిన సామ్రాజ్య శాసనం ప్రకారం దాని అసలు ప్రతి, సక్రమ సంతానమని చూపే జన్మపత్రం రెండూ పని నేర్చుకున్న ఊళ్ళోని సంఘం పెట్టెలోనే ఉండాలి. పనివాడు వాటి నకళ్ళే వెంట తీసుకెళ్ళాలి. అందుకే లేర్‌బ్రీఫ్ కోసం స్థిరపడ్డ ఊళ్ళోనే కాక పని నేర్చుకున్న ఊళ్ళో కూడా అడగాలి. సంఘాల పుస్తకాలు చాలావరకు ఇప్పుడు నగర ఆర్కైవ్‌లలో ఉన్నాయి.

వాండర్‌బుఖ్ అంటే ఏమిటి? దాన్ని ఎలా చదవాలి?

పని నేర్చుకుని ఇంకా మైస్టర్ కాని పనివాణ్ణి గెజెల్లె అంటారు. మైస్టర్ కావాలంటే కొన్నేళ్ళు ఊరూరా తిరిగి వేరువేరు మైస్టర్ల దగ్గర పనిచేయాలని చాలా సంఘాల్లో నియమం ఉండేది. 18వ శతాబ్దంలో ఆ ప్రయాణానికి కుండ్‌షాఫ్ట్ అనే పెద్ద కాగితం ఉండేది. దాని పైభాగంలో తరచుగా ఆ నగరం బొమ్మ అందంగా అచ్చువేసి ఉంటుంది. 19వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో ఒక్కో రాజ్యం దాని బదులు చిన్న పుస్తకాన్ని తెచ్చింది. అదే వాండర్‌బుఖ్. కుండ్‌షాఫ్ట్ సంఘం ఇచ్చేది. వాండర్‌బుఖ్ మాత్రం ప్రభుత్వం ఇచ్చేది, ఒక విధంగా పాస్‌పోర్టు కూడా అదే.

మొదటి పుటల్లో మనిషి పోలికలు ఉంటాయి. ఫొటోలు లేని రోజులు కాబట్టి ఎత్తు, జుట్టు, నుదురు, కనుబొమ్మలు, కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం, ముఖం ఆకారం, గుర్తుపట్టే మచ్చలు అన్నీ వరసగా రాసేవారు. చిత్రపటం ఒక్కటి కూడా మిగలని ఒక మనిషి ముఖం గురించి తెలిసే ఏకైక చోటు చాలాసార్లు ఇదే. ఆ పుటను తొందరపడి దాటేయకండి.

తర్వాతి పుటల్లో రెండు రకాల నమోదులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి పని నమోదు: ఈ ఊళ్ళో ఫలానా మైస్టర్ దగ్గర ఇన్ని వారాలు చేశాడు, నడవడి బాగుంది అని. రెండోది పోలీసు ముద్ర: ఫలానా తేదీన వచ్చాడు, ఫలానా ఊరికి వెళ్ళడానికి అనుమతి అని. కొత్తగా చూసేవాళ్ళు రెండోదాన్ని కూడా ఉద్యోగం కింద లెక్కేస్తారు. ముద్ర పడిన ప్రతి ఊళ్ళోనూ అతనికి పని దొరకలేదు. వెళ్తానని రాయించుకున్న ఊరికి నిజంగా వెళ్ళాడని కూడా అనుకోకూడదు. తర్వాతి ముద్ర ఏ ఊరిదో చూశాకే దారి గీయాలి. రెండు ముద్రల మధ్య రోజుల్ని, ఆ ఊళ్ళ మధ్య దూరాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు అతను ఎంత నడిచాడో, ఎక్కడ ఆగి పని వెతుక్కున్నాడో తెలుస్తుంది. పని లేక తిరిగిన వారాలు కూడా ఈ కాగితాల్లో కనిపిస్తాయి. నన్ను ఎక్కువగా కదిలించేవి ఆ వారాలే.

కొన్ని పుస్తకాల్లో ఫలానా దేశానికి చెల్లదు అని ఉంటుంది. 1835లో అప్పటి జర్మన్ రాజ్యాల కూటమి అయిన జర్మన్ సమాఖ్య, రాజకీయ సంఘాలను సహించే దేశాలకు పనివాళ్ళు వెళ్ళకూడదని నిషేధం పెట్టింది. స్విట్జర్లాండ్ మీద వాళ్ళకు ప్రత్యేకంగా అనుమానం ఉండేది. కాబట్టి ఆ కాలంలో దారి ఉన్నట్టుండి మళ్ళితే కారణం పనివాడి ఇష్టం కాకపోవచ్చు.

1867లో ఉత్తర జర్మన్ సమాఖ్య పాస్‌పోర్టు నిర్బంధాన్ని ఎత్తేసింది. 1869 చట్టంతో వృత్తి చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. వాండర్‌బుఖ్ వాడకం ఆ దశాబ్దంలోనే తగ్గిపోయింది.

వాండర్‌బుఖ్ దొరకలేదు. ఆ ప్రయాణాన్ని ఇంకో విధంగా తెలుసుకోగలమా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. అతను ఏ సంఘాల్లో సభ్యుడో చూడండి. క్యాథలిక్ పనివాళ్ళ కోసం 1846లో ఎల్బర్‌ఫెల్డ్‌లో ఒక సంఘం మొదలైంది. ఒకప్పుడు చెప్పులు కుట్టి, తర్వాత పాదిరీ అయిన అడోల్ఫ్ కోల్పింగ్ దాన్ని నగరనగరానికీ విస్తరింపజేశాడు. ఆ సంఘాల సభ్యత్వ పుస్తకాల్లోనూ ఊరూరి ముద్రలు ఉంటాయి. తర్వాత కార్మిక సంఘాలు వచ్చాయి. ముద్రణ పనివాళ్ళ సంఘం 1866లో, లోహపు పనివాళ్ళ సంఘం 1891లో ఏర్పడ్డాయి. పని వెతుక్కుంటూ ప్రయాణించే సభ్యులకు ఇలాంటి సంఘాలు దారిఖర్చు ఇచ్చి పుస్తకంలో రాసేవి.

ఒక్కోసారి మతం చూసి ఒక సంఘాన్ని కొట్టిపారేస్తాం, అది తప్పు. ఆగస్ట్ బెబెల్ సంగతే చూడండి. తర్వాత సోషల్ డెమోక్రాట్ల నాయకుడైన ఈయన వెట్స్‌లార్‌లో లేత్ మీద కొయ్యపని నేర్చుకున్నాడు. 1858లో బయల్దేరి ఫ్రైబుర్గ్, రేగెన్స్‌బుర్గ్, జాల్స్‌బుర్గ్‌లలో పనిచేసి 1860 మేలో లైప్‌త్సిగ్ చేరాడు. ప్రొటెస్టెంట్ అయినా ఫ్రైబుర్గ్‌లో, జాల్స్‌బుర్గ్‌లో క్యాథలిక్ పనివాళ్ళ సంఘంలోనే చేరాడు. తోడు, పుస్తకాలు, సాయంత్రం కూర్చునేందుకు ఒక చోటు దొరికేది అక్కడే మరి.

"నమ్మకస్తుడు, కష్టజీవి" అని పత్రంలో రాశారు. నిజంగా అలాంటివాడేనా?

అలా ఉండవచ్చు, కానీ ఈ పత్రం దానికి సాక్ష్యం కాదు. కుండ్‌షాఫ్ట్‌లో నమ్మకం, శ్రద్ధ, నెమ్మది, శాంతం, నిజాయితీ అనే మాటలన్నీ ముందే అచ్చువేసి ఉండేవి. పేరు, ఊరు, వారాలు మాత్రమే చేత్తో నింపేవారు. కాబట్టి అచ్చు మాటలను పక్కన పెట్టి చేత్తో రాసినవే చదవండి. అచ్చులో ఉన్న ఒక మాటను కొట్టేసి ఉంటే దాని దగ్గర ఆగాలి. వాండర్‌బుఖ్‌లో పది మంది మైస్టర్లూ ఒకే మాట రాసి ఒక్కరు ఇంకేదో రాసి ఉంటే ఆ ఒక్కటే విలువైన సమాచారం.

స్టాంపులు అంటించే బీమా కార్డు అంటున్నారు. అందులో ఏముంటుంది?

1889లో చట్టమై 1891 జనవరి 1 నుంచి అమలైన వృద్ధాప్య, అశక్తత బీమా కింద కూలికి పనిచేసే ప్రతి ఒక్కరికీ క్విట్టుంగ్స్‌కార్టె అనే కార్డు ఇచ్చారు. ప్రతి వారం యజమాని ఒక స్టాంపు కొని అందులో అంటించాలి. డబ్బులో సగం యజమానిది, సగం పనివాడిది.

ఈ స్టాంపులు చాలా విషయాలు చెబుతాయి. మొదట్లో నాలుగు తరగతులు ఉండేవి. ఏడాదికి 350 మార్కుల వరకు సంపాదన అయితే వారానికి 14 ఫెనిగ్‌ల (ఫెనిగ్ అంటే మార్కులో నూరో వంతు) స్టాంపు, 550 వరకు 20, 850 వరకు 24, అంతకు మించితే 30. 1900 నుంచి 1150 మార్కులు దాటినవాళ్ళకు 36 ఫెనిగ్‌ల ఐదో తరగతి చేర్చారు. అంటే స్టాంపు విలువ చూసి అతని ఆదాయం ఏ అంతస్తులో ఉందో చెప్పవచ్చు. ఇది అంచనాయే, ఎందుకంటే చాలాచోట్ల అసలు జీతం కాక స్థానికంగా నిర్ణయించిన సగటు కూలినే లెక్కలోకి తీసుకునేవారు. అయినా ఒక పనివాడు 20 నుంచి 30కి ఎప్పుడు ఎదిగాడో, ఏ ఏడాది మళ్ళీ కిందికి జారాడో కళ్ళకు కడుతుంది. స్టాంపు మీద ఏ ప్రాంతపు బీమా సంస్థో కూడా అచ్చువేసి ఉంటుంది, అందువల్ల ప్రాంతం మారిన సంగతీ బయటపడుతుంది.

యజమాని పేరు మాత్రం ఉండదు. దానికి మంచి కారణమే ఉంది. కార్డు అడ్డం పెట్టుకుని యజమానులు పనివాళ్ళ మీద రహస్య గుర్తులు పెడతారని కార్మికులు భయపడ్డారు. నడవడి గురించి, పనితనం గురించి కార్డులో ఏమీ రాయకూడదని చట్టం నిషేధించింది. పరిశోధకుడికి అది లోటే అయినా ఆ నిషేధం పనివాడికి రక్షణ.

నిండిన కార్డును ఆఫీసుకు ఇచ్చి కొత్తది తీసుకోవాలి. పాత కార్డులో ఏ తరగతి స్టాంపులు ఎన్ని వారాలవి ఉన్నాయో, జబ్బు వారాలు, సైన్యంలో ఉన్న వారాలు ఎన్నో లెక్కకట్టి ఒక చిన్న చీటీ ఇచ్చేవారు. ఇళ్ళలో సాధారణంగా మిగిలేవి ఆ చీటీలే, కార్డులు కావు. చూడ్డానికి ఏముంది, అంకెలే అని చాలామంది వాటిని పారేస్తారు. దయచేసి పారేయకండి. కార్డుల నంబర్లు ఒకటి నుంచి వరసగా సాగుతాయి కాబట్టి మధ్యలో ఏది పోయిందో కూడా తెలుస్తుంది.

1942లో స్టాంపులు పోయి బీమా డబ్బును జీతంలోంచి కోసే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి కార్డులో యజమాని పేరు, ఏడాది సంపాదన నేరుగా కనిపిస్తాయి.

కార్డులు ఒక ఏడాదితో ఆగిపోయాయి. అతను చనిపోయాడా?

తొందరపడొద్దు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, అతను మైస్టర్ అయి సొంత పనిశాల పెట్టుకున్నాడు. సొంతంగా చేసుకునే చేతివృత్తులవాళ్ళకు పెన్షన్ బీమా తప్పనిసరి అయింది 1939 జనవరి నుంచే. అంతకు ముందు, సొంత పని మొదలుపెట్టిన రోజు నుంచి బీమా కాగితాల్లో అతను కనిపించడు.

అప్పుడు నగరాల అడ్రస్ పుస్తకాలు చూడాలి. బెర్లిన్‌వి 1799 నుంచి 1943 వరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. పేరు, వృత్తి, వీధి, ఇంటి నంబరు ఉంటాయి. అందులో కుటుంబ పెద్దల పేర్లే ఉంటాయి. మైస్టర్ ఇంట్లోనో, ఒక మంచం అద్దెకు తీసుకునో పడుకునే కుర్ర పనివాడు అందులో దొరకడు. అతని పేరు అడ్రస్ పుస్తకంలో మొదటిసారి కనిపించిన ఏడాదే అతను సొంత గుమ్మం పెట్టుకున్న ఏడాది అని సుమారుగా అనుకోవచ్చు. 1900 నుంచి పనిచేస్తున్న చేతివృత్తుల చాంబర్లలో మైస్టర్ పరీక్షల రికార్డులు ఉండే అవకాశం ఉంది. అక్కడ కూడా అడగండి.

ఆర్బైట్స్‌బుఖ్ (పని పుస్తకం) అనే పుస్తకం దొరికింది. ఇది ఏ కాలానిది?

ముందు సంవత్సరం చూడండి, ఈ పేరుతో రెండు రకాలు ఉన్నాయి. 1869 వృత్తుల చట్టానికి 1878లో వచ్చిన సవరణ తర్వాత 21 ఏళ్ళ లోపు కార్మికులకు ఇచ్చినది పాతది. అందులో పొగడ్త గానీ నింద గానీ రాయకూడదని చట్టం. రెండోది 1935 ఫిబ్రవరి 26 చట్టంతో నాజీ ప్రభుత్వం తెచ్చినది.

ఈ రెండోది కుటుంబాల్లో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. చదువు, నేర్చుకున్న పని, ఇతర నైపుణ్యాలు, ఆ తర్వాత ఒక్కో ఉద్యోగం: సంస్థ పేరు, చేసిన పని, చేరిన తేదీ, మానిన తేదీ. వంశవృక్షం రాసేవాళ్ళకు ఇంతకంటే సులువైన కాగితం ఉండదు. ఆ సులువు వెనక ఉన్నది మరచిపోకూడదు. పుస్తకం లేనివాణ్ణి ఎవరూ పనిలో పెట్టుకోకూడదు. పనిలో ఉన్నంతకాలం అది యజమాని దగ్గరే ఉండేది. 1936 చివర్లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం లోహ పరిశ్రమ, నిర్మాణం వంటి రంగాల్లో గడువుకు ముందే వెళ్ళిపోయే పనివాడి పుస్తకాన్ని యజమాని పట్టి ఉంచుకోవచ్చు. 1938 నుంచి ప్రభుత్వం ఎవరినైనా ఏ పనికైనా కేటాయించే అధికారం తెచ్చుకుంది. 1939 సెప్టెంబరు నుంచి లేబర్ ఆఫీసు అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికి వీల్లేదు.

కాబట్టి 1938లో ఒక బేకరీ పనివాడు ఉన్నట్టుండి పశ్చిమ సరిహద్దు కోటల నిర్మాణంలో కనిపిస్తే అతను వృత్తి మార్చుకున్నాడని రాసేయకండి. పంపబడ్డాడేమో చూడండి.

ఆ కాలంలో యూదు పనివాళ్ళ గురించి, బలవంతంగా తెచ్చిన కార్మికుల గురించి ఎక్కడ వెతకాలి?

1938 నవంబరు 12 ఉత్తర్వుతో యూదు చేతివృత్తులవాళ్ళ పేర్లను ఆ ఏడాది చివరికల్లా వృత్తుల రిజిస్టర్ నుంచి కొట్టేశారు. రిజిస్టర్‌లో 1938 డిసెంబరుతో ఒక జీను పనివాడి పేరు ఆగిపోయిందంటే, పని చేసుకునే హక్కునే అతని దగ్గర లాక్కున్నారు. దాన్ని "వ్యాపారం మూసేశాడు" అని రాయడం అన్యాయం. లాక్కున్నారు అనే రాయాలి.

పోలాండ్, సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ వంటి దేశాల నుంచి తెచ్చి పనిచేయించిన లక్షల మంది కాగితాలు బాట్ ఆరోల్జెన్‌లోని ఆరోల్జెన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. విదేశీయుల ఆర్బైట్స్‌బుఖ్‌లు, ఫ్యాక్టరీల జాబితాలు, బీమా కార్డులు పేరుతో ఆన్‌లైన్‌లోనే వెతకవచ్చు. విచారణకు రుసుము లేదు. పేరు స్పెల్లింగులు రాసినవాడి చెవికి ఎలా వినబడితే అలా ఉంటాయి, కాబట్టి నాలుగైదు రకాలుగా ప్రయత్నించండి.

మా ఇంటి స్త్రీలు కూడా పనిచేశారు. వాళ్ళ పేర్లు ఎందుకు లేవు?

సంఘాలు వాళ్ళను సభ్యులుగా రానివ్వకపోవడం వల్ల. కానీ మైస్టర్ చనిపోతే అతని భార్య గెజెల్లెల సాయంతో పనిశాల నడపడం చాలాచోట్ల చెల్లేది. అడ్రస్ పుస్తకాల్లో విధవ అనే మాటతో పాటు భర్త వృత్తి ఉంటే, అక్కడ ఒక స్త్రీ నడిపిన వ్యాపారం ఉందేమో చూడాలి. ఇళ్ళలో పనిచేసినవాళ్ళకు ప్రష్యాలో 1846 నుంచి గెజిండెబుఖ్ అనే పుస్తకం ఉండేది. 1891 నుంచి స్టాంపు కార్డులు ఆడవాళ్ళకూ వచ్చాయి. ఒక పనిమనిషి బతుకు మీద మిగిలిన మొదటి లెక్క అవే కావచ్చు.

చేతిరాత ఒక్క అక్షరం కూడా అర్థం కావడం లేదు!

టెన్షన్ పడకండి, ఇప్పటి జర్మన్లలో చాలామంది కూడా దాన్ని చదవలేరు. కుర్రెంట్ అనే ఆ లిపి, దాని తర్వాతి రూపమైన జుట్టర్‌లీన్ 1941లో బడుల నుంచి తీసేశారు. చేతిరాతను చదివిపెట్టే ట్రాన్స్‌క్రిబుస్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఇప్పుడు మొదటి చదువుకు బాగా సాయపడతాయి, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు మాత్రం మీరే సరిచూడాలి.

ముఖ్యంగా తేదీలతో జాగ్రత్త. పాత కాగితాల్లో 7 అంకె వేసి పక్కన బెర్ అని రాస్తే అది సెప్టెంబరు, జులై కాదు. 8తో అక్టోబరు, 9తో నవంబరు, 10 లేదా రోమన్ ఎక్స్‌తో డిసెంబరు.

వృత్తుల పేర్లు కూడా ప్రాంతాన్ని బట్టి మారతాయి. వడ్రంగిని ఉత్తరాన టిష్లర్ అంటే దక్షిణాన ష్రైనర్ అంటారు. పీపాలు చేసేవాణ్ణి బ్యోట్షర్, క్యూఫర్, షెఫ్లర్ అని ఒక్కోచోట ఒక్కోలా పిలుస్తారు. పేరు మారిందని వృత్తి మారిందనుకోకండి, ఊరు మారి ఉంటుంది.

అతను పనిచేసిన ఊరు ఇప్పుడు జర్మనీలో లేదు. ఎలా?

బ్రెస్లావు ఇప్పుడు వ్రొత్స్వాఫ్, ష్టెట్టీన్ ఇప్పుడు ష్చెచిన్. అక్కడి నగర కాగితాలు మిగిలినంతలో పోలిష్ ప్రభుత్వ ఆర్కైవ్‌లలో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. నాయ్‌ష్టాట్ వంటి పేరు గల ఊళ్ళు పదుల సంఖ్యలో ఉన్నాయి కాబట్టి జిల్లా తెలియకుండా ముందుకు వెళ్ళకండి.

ఆర్కైవ్‌కు ఏమని రాయాలి?

క్లుప్తంగా, ఒకే ప్రశ్న రాయండి. పేరు, పుట్టిన తేదీ, మతం, వృత్తి, ఆ ఊళ్ళో ఉన్న సంవత్సరాలు, మీకు ఇప్పటికే తెలిసినది, మీరు చూడాలనుకుంటున్న రికార్డు రకం చాలు. "మా ముత్తాత గురించి ఉన్నదంతా పంపండి" అంటే ఎవరూ జవాబివ్వలేరు. సిబ్బంది వెతికితే అరగంటకు ఇంత అని చాలాచోట్ల రుసుము ఉంటుంది, ముందే అడగండి. రాసేముందు ఆర్కైవ్‌పోర్టల్-డే అనే ఉమ్మడి కేటలాగులో చూస్తే ఏ కట్ట ఎక్కడుందో తెలుస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలో చేసి ఉంటే కంపెనీ ఆర్కైవ్‌కు రాయండి. ఎస్సెన్‌లోని ఉక్కు కంపెనీ క్రుప్ ఆర్కైవ్ 1905 నుంచి ఉంది. గని కార్మికులైతే బోహుమ్‌లోని గనుల చరిత్ర ఆర్కైవ్‌ను అడగాలి.

కొలోన్ విషయంలో అదనపు ఓపిక కావాలి. ఆ నగర ఆర్కైవ్ భవనం 2009 మార్చి 3న కూలిపోయింది. శిథిలాల్లోంచి తీసిన కాగితాలను బాగుచేసే పని ఏళ్ళ తరబడి సాగుతోంది.

తూర్పు జర్మనీలో పనిచేసినవారి సంగతి?

ఇంట్లో ఆకుపచ్చ రంగు చిన్న పుస్తకం, అంటే అక్కడి ఉద్యోగ, సామాజిక బీమా పుస్తకం ఉందేమో వెతకండి. ఉద్యోగాలు, ఏటా జీతం, డాక్టరు దగ్గరికి వెళ్ళిన తేదీలు అన్నీ అందులోనే ఉంటాయి. అది ఉంటే మిగతావి పెద్దగా అక్కర్లేదు.

ఈ వెతుకులాటకు తెలుగు నేలతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. జర్మనీకి చెందిన లూథరన్ క్రైస్తవ ప్రచార సంస్థ హెర్మన్స్‌బుర్గ్ మిషన్ 1860ల నుంచి అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాల్లో పనిచేసింది. ఆ మిషన్ చేర్చుకున్నవాళ్ళలో రైతుల, చేతివృత్తులవాళ్ళ పిల్లలు ఎక్కువ. మిషన్‌లో చేరే అభ్యర్థి తన జీవితకథ రాసి ఇవ్వడం ఆ కాలపు జర్మన్ మిషన్లలో మామూలు. కాబట్టి మీ ఊరి పాత లూథరన్ చర్చి చరిత్ర రాస్తూ ఒక జర్మన్ పాదిరీ పేరు తగిలితే, అతను సెమినరీకి ముందు ఏ పని నేర్చుకున్నాడో మిషన్ కాగితాల్లో చూడండి. ఆ తర్వాత అతను పుట్టిన ఊరి చర్చి రిజిస్టర్‌లో తండ్రి వృత్తి, ఆ ఊరి సంఘం పుస్తకంలో శిష్యరికం నమోదు వెతకవచ్చు.